ముందు చక్కెర, తర్వాత సెగ

ఈ ఉదయం శామీర్‌పేట దగ్గర ఒక గొర్రెల కొట్టంలో అడుగుపెట్టగానే, బల్బు వేడికి ఆరుతున్న తడి ఉన్ని వాసన తగిలింది. ఆ వాసనతో రూతమ్మ మేడం గుర్తొస్తారు. కౌకూర్ నుంచి స్కూటీ మీద వచ్చే పశువైద్యురాలు ఆమె. డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో నేను ఆమె సహాయకుణ్ని.

అప్పట్లో నాకు అన్నీ వరుస నంబర్లలో వచ్చు. జంతువులు పిండిపదార్థాన్ని గ్లైకోజెన్‌గా మార్చి కాలేయంలో, కండరాల్లో దాచుకుంటాయని పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఒక చలికాలం పొద్దున, మేడం వేరే ఊళ్లో ఉండగా, యాదవ్వ అనే ముసలామె మందలో రాత్రి పుట్టిన కవల గొర్రెపిల్లలు పాలు తాగక చల్లబడి పడి ఉన్నాయని ఫోనొచ్చింది. ఒక్కణ్నే వెళ్లాను. ఒకటి, తుడిచాను. రెండు, ఎక్కువ చల్లగా ఉన్నదాన్ని బల్బు కింద పెట్టాను. కాసేపటికి అది కదిలితే యాదవ్వ నవ్వింది కూడా. అంతలోనే మెడ వెనక్కి విరుచుకుని, కాళ్లు కొట్టుకుని చచ్చిపోయింది.

"నా పాపమే. రాత్రి లేసి సూడకపోతి, పాడు మొద్దునిద్ర," అని ఆమె తల కొట్టుకుంటుంటే నేను భయంతో నోరు విప్పలేదు.

మేడం వచ్చీ రాగానే నన్ను పక్కకు పిలిచారు. "ఏమేం చేసినవో వరుసగ చెప్పు." చెప్పాను. "చక్కెర ఎక్కియ్యకముందే సెగ వెట్టినవా?" అవునన్నాను. "తల్లి కడుపులకెళ్లి తెచ్చుకున్న నిల్వంత రాత్రి సలికే కాలిపోయింది. సల్లగున్నంతసేపు ఒళ్లు చక్కెర తక్కువ అడుగుతది. వెచ్చవడంగనే మస్తు అడుగుతది. లోపల ఏముంది ఇయ్యనీకి? నువ్వు పరీక్షల రాసింది గిదే కద!"

గ్లూకోజు నింపిన సిరంజి నా చేతిలో పెట్టారు. రెండో పిల్ల పొట్టలోకి, బొడ్డుకు కొంచెం కింద, గుచ్చాలి.

"నాతోని కాదు మేడం. చేతులు వణుకుతున్నయి."

"వణకనీ. సూది మొన తోక దిక్కుండాలె, గంతే."

గుచ్చాను. ఆ తర్వాతే బల్బు. చాలాసేపటికి అది తలెత్తి తల్లి పొదుగు వెతికింది. నేను ఊపిరి పీల్చుకోబోతుంటే మేడం అన్నారు: "ఇగ పోయి యాదవ్వకు చెప్పు. లేకుంటే బతికినన్ని దినాలు తన నిద్రనే తిట్టుకుంటది."

సూది కంటే ఆ మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది. వెళ్లి, నా తప్పని చెప్పాను. యాదవ్వ నన్ను పైకీ కిందికీ చూసింది. "నీ సదువు మన్నువడ! గా మాట అప్పుడే చెప్పద్దా? గింతసేపు నన్నెందుకు ఏడ్పిస్తివి బిడ్డా?" అంటూ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

మేడం రిటైరయ్యారు. సూది పట్టినప్పుడు నా చేతులిప్పుడు వణకవు. కానీ నా చేతిలో ఏ పిల్ల పోయినా, దాని యజమాని దగ్గరికి నడిచే ఆ పది అడుగుల్లో కాళ్లు వణుకుతాయి. అయినా ఇంకొకరిని పంపను.