మడమ కింద మామిడికాయ

మా ఇంట్లో వేసవిలో మొదటి మామిడికాయకి కత్తి పెట్టం. మా మామ్మ చెట్టు మీంచి కోసి ఇస్తుంది. దాన్ని కడిగి, చెట్టు మొదట్లో గట్టి నేల మీద పెట్టి, మడమతో ఒక్కటి వేసి పగలగొడతాం. పగిలిన చోట వేళ్లు పెట్టి చీల్చి, ఉప్పూ కారం అద్దుకుని, పెద్దా చిన్నా తలో ముక్కా తింటాం. కాళ్లు కడుక్కునే తొక్కుతాం లెండి.

ఈ సంగతి ఒకసారి స్కూల్లో, స్టాఫ్‌రూంలో నోరు జారి చెప్పాను. సోషల్ చెప్పే మేడం టిఫిన్ బాక్సు మూత పెట్టేసింది. "అదేంటండీ, ఇంట్లో కత్తి లేదా?" అంది. ఉందండీ, నాలుగున్నాయి అన్నాను. పక్కనున్న సారు ఒకాయన, "ఇంత చదువుకుని మీరు కూడా ఏంటండీ" అని నవ్వాడు. ఎంత చదివినా మీ పాత బుద్ధులు పోవని ఆ నవ్వుకి అర్థం. నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. అప్పుడే గంట కొట్టారు కాబట్టి బతికిపోయాడు. ఆయనకి బాకీ పడ్డ జవాబు ఇది.

రాజోలు అవతల మాకు ఐదు కుంచాల నేల ఉంది, అంటే అర ఎకరం. అందులో రెండు వరసల కొబ్బరి చెట్లు, ఒక పనస, ఒక పెద్ద మామిడి. మామిడిది కొత్తపల్లి కొబ్బరి రకం. పచ్చిగా ఉన్నప్పుడే కరకరలాడుతూ, పులుపు తక్కువై, నమిలేకొద్దీ తియ్యగా ఉంటుంది. ఆ నేల తాతలు ఇచ్చింది కాదు. లెక్కల మాస్టారైన మా నాన్న జీతంలోంచి కూడబెట్టి కొన్నది. అంతకు ముందు అది ఒక పెద్ద తోటలో అంచు ముక్క. ఆ తోటలో మా మామ్మ, అంటే నాన్న తల్లి, నలభై ఏళ్లు కూలికి వెళ్లింది. తోట యజమానిని అందరూ కామందుగారనేవారు. ఆయన ఆ ముక్క అమ్ముతారని తెలిసిన రోజే నాన్న వెళ్లి మాట్లాడుకుని వచ్చాడు. అమలాపురంలో ఇంటి స్థలం కొందామని అమ్మ ఎంత మొత్తుకున్నా చెవిన పెట్టలేదు. మిగతా తోట ఇప్పటికీ వాళ్లదే. మధ్యలో ఛాతీ ఎత్తున తాటాకు దడి.

మావాళ్లే నవ్వారు. "అందరం చదువుకుని మట్టిలోంచి బయటపడ్డాం. మా అన్నయ్య డబ్బిచ్చి మరీ మళ్లీ మట్టిలోకి దిగేడు" అని ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వాకిట్లోనే మా మేనత్త అంది.  మర్నాడు పొద్దున్నే నాన్న పలుగు భుజాన వేసుకుని, ఆవిడ ఇంటి ముందు నుంచే నడుచుకుంటూ వెళ్లాడు. తోటకి వెళ్లడానికి అది దారి కూడా కాదు.

నేల కొన్న రోజునే నాన్న ఒక చట్టం చేశాడు. ఈ చెట్టు కింద రాలిన కాయ మనింట్లో ఎవరూ తినకూడదు. దానికోసం ఎవరూ వంగకూడదు. ముఖ్యంగా అమ్మ వంగకూడదు. అమ్మ అంటే వాళ్లమ్మ.

కారణం ఉంది. పూర్వం గాలికి కాయలు రాలితే కూలి ఆడవాళ్లే ఏరేవారు. నిక్షేపంగా ఉన్నవి కామందుగారి గంపలోకి, పగిలినవి ఏరినవాళ్ల కొంగులోకి. మామ్మ కొంగున కట్టి తెచ్చిన ఆ పగుళ్ల కాయలు తిని నాన్న పెరిగాడు. బడికి కూడా అవే తీసుకెళ్లేవాడు. తోటిపిల్లలు ఆయన్ని 'రాలుకాయ' అని పిలిచేవారట. ఈ మాట నాన్న మాకు ఒక్కసారే చెప్పాడు. చెప్పి, అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు.

ఇదంతా విని మా వేసవులు ఏడుపుగొట్టువి అనుకునేరు. అంత సీను లేదు. బళ్లు మూసిన మర్నాటి నుంచీ మా కాపురం తోటలోనే. నాన్న, తమ్ముడు స్కూటరు మీద, మామ్మ, అమ్మ, నేను గిన్నెలతో సహా ఆటోలో. ఎండ ఎక్కకముందే నాన్న మోటారు వేసేవాడు. గొట్టం కింద నేనూ తమ్ముడూ చోటుకోసం కొట్టుకునేవాళ్లం. ఇంట్లో నవ్వితే లెక్క తప్పుతుందన్నట్టుండే మనిషి, అక్కడ లుంగీ ఎగ్గట్టి మాతోపాటు బురదలో దొర్లేవాడు. మూడు ఇటుకల పొయ్యి మీద అమ్మ ఎండు రొయ్యలూ మామిడికాయా వండేది. ఆ వాసనకి దారినపోయేవాళ్లు సైకిలు దిగి మరీ కుశలం అడిగేవారు. వడ్డించాక మామ్మ ప్రార్థన. చుట్టాల్లో ఒక్కరినీ వదలదు కాబట్టి ఆమెన్ అనేసరికి కూర చల్లారిపోయేది. మధ్యాహ్నం ముంజలు, కొబ్బరి నీళ్లు, చెట్టు నీడన చాప మీద నిద్ర. కొండ మీది చలి ఊళ్లకి వెళ్లొచ్చి ఫోటోలు చూపించేవాళ్లని చూసి నాకు ఏ రోజూ కుళ్లు పుట్టలేదు. వాళ్లు వేసవి నుంచి పారిపోయారు, మేం కూర్చుని దాన్ని తిన్నాం.

ఒక్క గొడవ మాత్రం ఏటా ఉండేది. నాన్న పొడవాటి వెదురుగడకి వల చిక్కం కట్టి, కోత మొదలుపెట్టే రోజున మామ్మ చేతికి ఇచ్చేవాడు.

"అమ్మా, మొదటికాయ నువ్వు కొయ్యి."

ఇప్పుడు కోస్తుంది గానీ, అప్పట్లో మామ్మ గడని ముట్టుకుని నా చేతికిచ్చేసేది. "నా చెయ్యి చెట్టు మీదికి పోదురా అబ్బాయ్. అలవాటు లేదు."

మళ్లీ ఆవిడే నాన్న అటు తిరిగితే చాలు, రాలిన కాయ కొంగులో వేసుకుని పనసచెట్టు వెనక్కి చేరేది. అమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది. నాకూ ఒక ముక్క ముట్టేది కాబట్టి నేను నోరు విప్పేదాన్ని కాదు. ఎప్పుడో టెంక దొరికిపోయేది. ఇక తల్లీకొడుకులకి రెండు రోజులు మాటలుండవు. తన తల్లి ఆ చెట్టు కింద నడుం వంచకుండా ఒక్క వేసవి గడిస్తే చాలని ఆయన. తన సొంత నేల మీద తనకి నచ్చింది తినాలని ఆవిడ.

నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఏడాది చెట్టు విరగకాసింది. శనివారం కోత అనుకున్నాం. శుక్రవారం భోజనాలై చాప పరుచుకున్నామో లేదో, పడమట ఆకాశం నల్లబడింది. ఈదురుగాలి. ఐదుగురం మోటారు పాకలోకి దూరి తలుపు పట్టుకుని నిలబడ్డాం. బయట కాయలు రాలుతుంటే ఒక్కో చప్పుడుకీ నాన్న కళ్లు మూసుకునేవాడు. అరగంటలో అయిపోయింది. తలుపు తీస్తే చెట్టు మీద ఆకులు, కింద కాయలు. కాలు పెట్టడానికి చోటు లేదు.

"ఎవరూ ముట్టుకోకండి. గేదెలున్నవాళ్లకి చెప్తే తోలుకుపోతారు" అన్నాడు నాన్న.

మామ్మ అప్పటికే కొంగు బిగించి వంగింది.

"అమ్మా! వంగకు! ఎన్నిసార్లు చెప్పేను నీకు? ఈ చెట్టు కింద నువ్వింక వంగకూడదనే కదా ఈ నేల కొన్నాను!"

నాన్న తల్లి మీద అరవడం నేను వినడం అదే మొదలు. అమ్మ తమ్ముణ్ణి దగ్గరికి లాక్కుంది. మామ్మ మాత్రం తలెత్తకుండా ఏరుకుంటూనే ఉంది.

సరిగ్గా అప్పుడు దడి అవతల నుంచి కామందుగారు కేకేశారు. తన చెట్ల సంగతి చూసుకోవడానికి వచ్చినట్టున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే మాకు పని తేలికయ్యేది.

"మాస్టారూ, మీరూ ఇక్కడే ఉన్నారా!" అని నాన్నని పలకరించి, మామ్మ వైపు తిరిగారు. "ఏమే, మావేపు కూడా బోలెడు రాలేయి. వచ్చి ఏరిపెట్టు. పగిలినవి నువ్వు పట్టుకుపో, ఎప్పట్లాగే."

కొడుకుకి 'మీరు', తల్లికి 'నువ్వు'. ఆ 'ఎప్పట్లాగే' వినేసరికి నాకు తల కొట్టేసినట్టయింది.

మామ్మ నడుం మీద చెయ్యి వేసుకుని నెమ్మదిగా నిటారుగా నిలబడింది. మొహం నిండా నవ్వు.

"ఆయ్. మీ మనసు మంచిదండీ అయ్యగారూ. కానీ మావే మేం ఏరలేనన్ని ఉన్నాయండి. ఖాళీగా ఉంటే మీరే ఇటు రండి. కావలసినన్ని ఏరుకెళ్దురుగాని. సంచి మాత్రం తెచ్చుకోండేం."

జీవితమంతా ఆయనకి 'ఆయ్' అంటూ తల వంచిన మనిషి, అదే 'ఆయ్' తల ఎత్తి అంది.  కామందుగారు సంచితో ఆ రోజు రాలేదు, తర్వాత కూడా రాలేదు. పిలుపు మాత్రం మేం వెనక్కి తీసుకోలేదు. అప్పటికి ఎటూ కదల్లేక దడి పట్టుకుని నిలబడిపోయారు.

నేను నాన్న నవ్వుతాడనుకున్నాను. ఆయన చెట్టు మొదట్లో కూలబడ్డాడు.

"నువ్వెన్నైనా చెప్పమ్మా. ఒకళ్ల చెట్టు కింద పగుళ్ల కాయలేరి పెంచేవు నన్ను. అది మర్చిపోవడం నాకు చేతకావడం లేదు."

మామ్మ ఆయన్ని తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూసింది.

"ఒరే, ఎంత గాలేసినా రాలినవన్నీ పగుల్తాయా? ఇదిగో, కళ్ల ముందే ఉన్నాయి కదా, చూడు. పగిలినవి ఎన్నున్నాయి? లెక్కల మాస్టారివి, ఆమాత్రం లెక్క కట్టలేదా ఇన్నాళ్లూ?"

నాన్న నేలంతా చూశాడు. మేమూ చూశాం. అక్కడొకటి, ఇక్కడొకటి. మిగతావన్నీ చెక్కు చెదరకుండా ఉన్నాయి.

"మరి రోజూ కొంగు నిండా ఎలా తెచ్చేదానివి?"

"ఎలా ఏంటి? బాగున్నది చూసి మడమతో ఒక్కటిచ్చేదాన్ని. పగిలితే మనదే కదా. ఏరేది నేనైతే, ఎంచేది ఇంకెవరు? చెట్టు మొత్తానికీ పెద్దకాయ ఎప్పుడూ నీకే వచ్చేదిరా. గంపలోకి వెళ్లినవన్నీ నేను వద్దనుకున్నవి." దడి వైపు తిరిగి, "మీరేం అనుకోకండేం అయ్యగారూ" అంది.

తమ్ముడు నోరెళ్లబెట్టాడు. "దొంగతనం తప్పని చర్చిలో చెప్తారు కదా మామ్మా?"

"పగలగొట్టడం తప్పని చెప్పలేదు కదా" అంది మామ్మ.

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న మొదట నవ్వాడు, తర్వాత ఏడ్చాడు. దాచుకోలేదు. ఇన్నేళ్లూ తనకి ఎంగిలి బతుకు తినిపించిందనుకున్న తల్లి, తోటలోకెల్లా మంచి కాయ రోజూ ఎంచి తెచ్చిందని నలభై దాటాక తెలిసింది ఆయనకి. మామ్మ ఆ రోజు చెప్పకపోతే ఆ సిగ్గుతోనే చచ్చిపోయేవాడేమో అని ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ సిగ్గు ఆయనది కాదు. ఎప్పుడూ కాదు.

నాన్న కళ్లు తుడుచుకుని లేచాడు. తన చట్టాన్ని తనే కాలదన్ని, వంగి, కాయల్లో వెతికి, అన్నిట్లోకీ పెద్దది తీశాడు. ఎక్కడా గీత కూడా లేదు. చెట్టు మొదట్లో గట్టి నేల చూసి పెట్టాడు. చెప్పు విడిచి మడమ ఎత్తాడు.

"అలా కాదురా. ముందు అటూ ఇటూ చూసుకోవాలి. ఎవరూ లేరనుకున్నాకే..." అంటూ మామ్మ ఆగిపోయింది. దడి వైపు చూసింది. కొడుకు వైపు చూసింది.

"ఇప్పుడు చూసుకోక్కర్లేదు కదా. తొక్కు" అంది.

నాన్న దడి వైపు చూస్తూనే తొక్కాడు.