వాల్యన్న నేర్పిన రెండు మాటలు

గూడూరులో వాల్యన్న ఇల్లు మా ఇంటికి ఎదురే. వాయుసేనలో ఇరవై ఏళ్లు రేడియో మీద పైలట్లతో మాట్లాడి వచ్చిన మనిషి. కిరాణం రాంజీ సరదాకి "రోజర్" అన్నాడా, ఇక అయిపోయాడే!

"రోజర్ అంటే నీ మాట మొత్తం విన్న అని, గంతే. సరే అని కాదు, చేస్త అని కాదు. విన్న, చేస్త అనాలంటే విల్కో. రన్‌వే మీదికి రాకు అంటే పైలట్ ఉత్త రోజర్ అని ఊకుంటె నేను ఊకుంటనా? నా మాట మల్ల వాని నోటితోనే చెప్పిస్త. లేకుంటే పాణాలు పోతయి."

ఆ పాఠం ఆయన భార్య తుల్సీబాయికి కంఠతా వచ్చు. బడి గడప తొక్కకపోయినా ఒక్కసారీ తప్పు వాడలేదు. మిరప తోటకు నీళ్లు పెట్టమంటే "విల్కో" అనేది, పెట్టేది. బీడీలు మానమని ఆమె అంటే ఆయన "రోజర్" అనేవాడు. మేమంతా నవ్వేవాళ్లం.

నవ్వాల్సింది కాదు. రెండేళ్ల కింద ఒకరోజు ఆమె, నాకూ తెలియాలనేమో, లంబాడీలో కాక తెలుగులోనే చెప్పింది. "లైటు సుట్టూ రంగుల గుండ్రాలు కనబడ్తున్నయి. పక్క నుంచి వచ్చేది కనబడ్తలేదు. మానుకోట దవాఖానకు తీస్కపో."

పంపుసెట్టు విప్పుతున్న వాల్యన్న తలెత్తకుండా "రోజర్" అన్నాడు. తర్వాత మిరప కోతలన్నాడు, ఆ తర్వాత బోరు రిపేరన్నాడు. ఆమె అడిగినప్పుడల్లా అదే మాట. విల్కో అనలేదు గనక మాట తప్పాననీ అనుకోలేదు. ఎంత నిక్కచ్చి మనిషో చూడండి! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నా మీద కూడా. నా స్కూటీ అన్నాళ్లూ వాకిట్లోనే ఉంది.

ఈ ఎండాకాలం గడప కనబడక పడ్డాక తీసుకెళ్లాడు. నీటికాసులట, అదే గ్లాకోమా. ముందే వస్తే ఆపేవాళ్లం, పోయిన చూపు ఇక రాదన్నాడు డాక్టరు. ఇప్పుడామెకు వెలుతురు, చీకటి తేడా తెలుస్తుంది, అంతే.

నిన్న అరుగు మీద ఆమె చేతికి చాయ్ గ్లాసు అందించి, వేళ్లు దాని చుట్టూ తనే మూశాడు. నేనున్నానని కూడా చూసుకోలేదు.

"తుల్సీ, ఎవరెవరితోనో మాట మల్ల చెప్పించినోన్ని. నీ మాట ఒక్కపారి నేను మల్ల చెప్పుకున్నా నీ కండ్లు దక్కుతుండె. తప్పు నాదే. నన్ను మాఫ్ చెయ్యి" అన్నాడు.

ఆమె రెండు గుక్కలు తాగి, గొంతు వినబడ్డ వైపు తిరిగింది.

"రోజర్" అంది.