కంచరగాడిదకు బతుకమ్మ పాట

దయ్యాలను నేను నమ్మను. జనగామలో నా మోటర్ వైండింగ్ షాపుకు వచ్చే రైతులకు పొద్దుపోవాలని నేనే ఎన్నో దయ్యాలను పుట్టించిన. బాయిలో నుంచి మోటరును పైకి తోసిన దయ్యం నాదే. కరెంటు పోతే ఏడ్చే దయ్యమూ నాదే. కాబట్టి ఇది నమ్మమని మిమ్మల్ని బలవంతం చెయ్యను. మా ఇంటామెనే నమ్మలేదు.

మా అమ్మకు ఎనభై దాటినయి. ఆమె కడుపులో ఉండంగనే ఆమె తండ్రి, అంటే మా తాత, సికింద్రాబాద్ పోయి పల్టన్‌లో చేరిండు. బర్మా యుద్ధానికి తోలిండ్రు. మనిషి మళ్ల రాలేదు. కొన్నేండ్లకు పోస్టులో ఒక మెడల్ వచ్చింది. ఒక దిక్కు రాజు తలకాయ, ఇంకో దిక్కు సింహం. దాంతో వచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని చదివేటోళ్లు ఊర్లో లేరు. చూర్లో పెడితే వానకు తడిసి ముద్దయింది.

"చచ్చినోనికి బిల్ల ఎందుకు పంపుతరు? బతికున్నడు కాబట్టే పంపిండ్రు" అన్నదట మా అమ్మమ్మ. పోయేదాకా బొట్టు తియ్యలేదు. ప్రతి దసరాకు ఇత్తడి బిందెలతో పాటు ఆ మెడల్‌ను కూడా చింతపండు, బూడిద పెట్టి తోమింది. అంచు మీద చెక్కిన తాత పేరును, నంబరును అంత ప్రేమగా ఆమెనే అరగదీసింది.

పెత్రమాస నాడు మా దిక్కు చనిపోయిన పెద్దల పేర్లు చెప్పి పంతులుకు బియ్యం ఇస్తరు. మా ఇంట్లో తాతకు ఎన్నడూ ఇవ్వలేదు. బతికున్నోని పేరు మీద ఇస్తే పాపమాయె. ఇన్నేండ్లకు ఎక్కడ బతికుంటడే అని నేనంటే, "పోయిండని నువ్వు చూసినవారా?" అనేది అమ్మ.

మూడేండ్ల కింద దవాఖాన నుంచి ఇంటికి తెచ్చినంక ఆమె నా చెయ్యి పట్టుకున్నది. "నేను పోతే మా బాపు పేరు చెప్పేటోళ్లు ఉండరు. ఆయన ఉన్నడో లేడో తేల్చురా."

అప్పటినుంచి ఆఫీసుల చుట్టూ తిరుగుడే. ఒక క్లర్కు భూతద్దం పెట్టి చూసి, "రెండంకెలే మిగిలినయి. వీటితోటి ఏమని వెతకాలె అన్నా?" అన్నడు. ఢిల్లీకి రాస్తే పూర్తి నంబరు పంపుమని జవాబు వచ్చింది. పోయిన ఏడు పెత్రమాస ఇంకో పది దినాలు ఉన్నదనంగ, ఆఖరి ఆఫీసు నుంచి కాళ్లీడ్చుకుంటూ ఒట్టి చేతులతో ఇల్లు చేరిన. అమ్మ నా మొఖం దిక్కే చూస్తున్నది. నా నోరు దానంతట అదే తెరుచుకున్నది.

"తెలిసిందే అమ్మా" అని మొదలుపెట్టిన. మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటం. మానుకోట దిక్కు తండాకు చెందిన హరియా అనే ఆయన, తాత కలిసి పల్టన్‌లో కంచరగాడిదలు తోలేవాళ్లని చెప్పిన. తాత గాడిద నీళ్లను చూస్తే మొరాయించేదని, చెవిలో బతుకమ్మ పాట పాడితేనే కాలు కదిపేదని చెప్పిన. ఒక నది దాటుతుంటే నడుమల పాట ఆగిపోయిందని, తాడు హరియా చేతికి దొరికింది గాని తాత దొరకలేదని ముగించిన. నవ్వియ్యాలని పెట్టిన పాట అది. అమ్మ నవ్వింది. తర్వాత చాలాసేపు ఏడ్చింది.

గండం గట్టెక్కిందనుకున్న. తెల్లారి ఆమె బీరువాలో నుంచి కొత్త చీర తీసింది. "హరియా ఇంటి ఆడబిడ్డకు పెట్టి రా. నువ్వు వచ్చినంకనే బియ్యం."

లేని మనిషి బిడ్డకు చీర! ఎవరో ఒక ముసలామెకు ఇచ్చేసి వద్దామని రైలెక్కిన. కేసముద్రంలో సగం డబ్బా ఖాళీ అయింది. మానుకోటలో దిగి, స్టేషన్ బయట ముందు కదిలిన ఆటో ఎక్కిన. ఏ తండాకు పోతదో కూడా అడగలేదు.

దిగినంక, నా పాడు అలవాటు కొద్దీ, అరుగు మీది పెద్దమనిషిని "మిలట్రీ హరియా ఇల్లు ఏది?" అని అడిగిన.

"ఆయన పోయి ఇరవై ఏండ్లాయె. బిడ్డ భూపాలపల్లిల కొడుకు దగ్గర ఉంటది. మనుమడు బొగ్గుబాయిల పని చేస్తడు" అన్నడు.

హరియా పేరు ఏ తండాలోనైనా ఉంటది, మిలట్రీకి పోయినోళ్లూ ఉంటరు. అట్లనే సముదాయించుకున్న. అయినా మర్నాడు భూపాలపల్లి బస్సు ఎక్కిన.

మిట్టమధ్యాహ్నం క్వార్టర్ల నడుమ ఒక వాకిట్లో ఆమె కూర్చొని ఉన్నది. మోచేతుల పైదాకా తెల్ల గాజులు. జీవితంలో మొదటిసారి నోరు కట్టేసుకున్న. జనగామ నుంచి వచ్చిన అని మాత్రం చెప్పి, జేబులోని మెడల్ ఆమె చేతిలో పెట్టిన.

అంచును బొటనవేలితో రుద్దింది. "మా బాపుకు గూడ ఉండె గిసోంటిది." తలెత్తి నన్ను చూసింది. "గాడిదకు ఆడోళ్ల పాట పాడినాయన నీకేమైతడు బిడ్డా?"

"మా తాత" అన్న.

నేను అడగకుండనే ఆమె చెప్పింది. నది, నడుమల ఆగిన పాట, తాడు. హరియా ఆ పాట నేర్చుకొని వచ్చి బతికినన్ని దినాలు ఎడ్లకు పాడిండట. తండా అంతా నవ్వేదట. రెండు ముక్కలు పాడి చూపించింది. మాటలు సగం వాళ్ల భాషలోకి మారినయి. రాగం మాత్రం మా దిక్కుదే.

"నిజంగనే పోయిండా అక్కా?" అని అడిగిన.

"మూడో దినం శవం తేలింది. మా బాపే మన్ను చేసిండు." ఈ మాట నా కథలో లేదు.

చీర పెట్టి వచ్చేసిన. అమ్మకు చెప్పబోతే, "మొన్ననే చెప్తివి గద. చీర నచ్చిందా ఆమెకు?" అన్నది. వంటింట్లో మా ఇంటామెకు ఉన్నదున్నట్టు చెప్పిన. "ముందు అబద్ధం, తర్వాత నిజమా? కొత్త రకం పట్టినవ్ పో" అని పప్పు కలుపుకున్నది.

చిన్నప్పుడు అమ్మమ్మ నోట విని మరిచిపోయిననేమో అని మీరంటరు. నేనూ అదే పట్టుకొని వేలాడిన. కానీ ఆ నది సంగతి తెలిస్తే అమ్మమ్మ బొట్టు ఎందుకు ఉంచుకుంటది?

పెత్రమాస పొద్దున పంతులు పేర్లు అడిగిండు. అమ్మ మొదటిసారి తన తండ్రి పేరును పోయినోళ్ల పేర్లలో కలిపి చెప్పింది. బియ్యం తాంబాళం నేనే పంతులు ముందు పెట్టిన. నది, పాట, తాడు, ఆ మాటలు నేను అల్లినవే. అల్లుతూ లోపల నవ్వుకున్నది కూడా నేనే. అవి నాకు ఎక్కడినుంచి వచ్చినయో చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేను.