అత్తమ్మకు కిరాయి కట్టించిన సాబ్

మా లెక్కల సాబ్ పోయారు. రిటర్నుల గడువు నెత్తి మీదికొచ్చిన జూలై ఆఖరి వారంలో పోయారు. ఆయన కోడలు ఫోన్ చేసి ఆ మాట చెప్పినప్పుడు నా నోట్లోంచి మొదట వచ్చింది ఏడుపు కాదు, "ఇప్పుడా?" అన్న మాట. అవతల ఆమె ముక్కు చీదుకుని, "పొద్దున్నుంచి అందరూ గదే అడుగుతున్రు అక్కా" అంది.

సాబ్ ఎవరో తెలియనివాళ్లకు చెప్పాలి. యాకుత్‌పురా స్టేషన్‌కు వెళ్లే దారిలో ఒక మేడ కింది గదిలో కూర్చుని, ఇళ్లలో పనులు చేసుకునే మాలాంటివాళ్ల ఆదాయపన్ను లెక్కలు చూసిపెట్టే మనిషి. గాజులకు రాళ్లు అతికేవాళ్లు, అప్పడాలు వత్తేవాళ్లు, పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లు, నాలాగా పెళ్లి జాకెట్ల మీద మగ్గం పని చేసేవాళ్లు, అందరం ఆయన గిరాకీలమే. ఫీజు తక్కువ తీసుకునేవారు. సతాయింపు మాత్రం ఏడాది పొడుగునా ఉండేది. ఆయన్ని తలుచుకుని విసుక్కోకుండా ఒక్క పేరా రాయమంటే నా వల్ల కాదు. ఇది సంతాపమే, కానీ నా పళ్లు ఇంకా పటపటలాడుతూనే ఉన్నాయి.

మా ఇల్లు గౌలిపురలో. ఇల్లు అత్తమ్మది, ఆమె తండ్రి రాసిచ్చింది. ఆయన పాల వ్యాపారి. బర్రెలను కట్టేసిన కొట్టంలోనే ఇప్పుడు నా మగ్గం ఉంది. నాతో పాటు పక్క గల్లీ అమ్మాయి ఒకామె పనికొస్తుంది. మా ఆయన బట్టల షాపులో సేల్స్‌మన్. బొటిక్‌లవాళ్లు నా పనికిచ్చే పైసలు మాత్రం ఆయన ఖాతాలోనే పడేవి. ఎవరి ఖాతా అయితే ఏంది, వచ్చేది ఇంటికే కదా అనుకున్నాం. మా బస్తీలో సగం ఇళ్లు ఇలాగే అనుకుంటాయి.

ఒకరోజు పన్ను ఆఫీసు నుంచి మా ఆయనకు నోటీసు వచ్చింది. జీతం చూస్తే ఇంత, ఖాతాలో పడింది చూస్తే అంత, మిగతాది ఎక్కడిదో చెప్పమని దాని సారాంశం. ఆయన చెమటలు కక్కుకుంటూ సాబ్ దగ్గరికి పరుగెత్తాడు. "నాదే చిన్న సైడ్ బిజినెస్ అని రాసెయ్యండి సాబ్, అయిపోతది" అన్నాడట. సాబ్ తల అడ్డంగా ఊపి, "ఇల్లు చూడకుండ నేను రాయ. రేపు వస్త" అన్నారట.

అది ఆయన పద్ధతి. ఇంటికొచ్చి, పని జరిగే చోట కూర్చుని, కళ్లారా చూస్తే తప్ప ఒక్క అంకె వేసేవారు కాదు. అన్నట్టే మర్నాడు వచ్చారు. కొట్టంలో స్టూలు వేయించుకుని, చేతి గడియారం విప్పి జేబులో వేసుకుని కూర్చున్నారు. చాయ్ ఇస్తే, "పని అయినంక" అన్నారు. మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నారు. నేను, ఆ అమ్మాయి ఆయన ముందు కుట్టలేక, మానలేక నానా అవస్థ పడ్డాం. మా ఆయన భోజనానికి రాగానే సాబ్ మగ్గం వైపు చెయ్యి చూపించారు.

"కూసో భాయ్. రెండు కుట్లు ఎయ్యి."

మా ఆయన నవ్వాడు. సాబ్ నవ్వలేదు. చేసేది లేక ఆయన కూర్చుని సూది అందుకున్నాడు. మగ్గం సూదికి కొన దగ్గర కొక్కెం ఉంటుంది, అడుగు నుంచి దారాన్ని దాంతో పైకి లాగాలి. ఆయన దింపడమైతే దింపాడు. పైకి రాకపోయేసరికి బలం పెట్టి లాగాడు. పట్టు పర్రుమని చిరిగింది. అది మర్నాడు ఇవ్వాల్సిన పెళ్లికూతురి జాకెట్టు.

నాకు ఒళ్లు తెలియలేదు. "ఏందిది సాబ్! గది ఎవరి జాకెట్టో తెలుసా మీకు? రేపు వాళ్లకు ఏం మొహం పెట్టుకుని ఇయ్యాలె?" అని పెద్ద మనిషన్న జ్ఞానం కూడా లేకుండా అరిచేశాను. మా ఆయన మాత్రం "చిన్న చిరుగేలే, ఎవరు చూస్తరు" అంటూ లేచి చేతులు దులుపుకున్నాడు.

సాబ్ గడియారం తీసి పెట్టుకున్నారు. "దేఖో భాయ్. చిరిగితే ఎవరికి కలుక్కుమన్నదో గాళ్లదే దుకాణం. లెక్క ఈ బేటీ పేరు మీదనే రాస్త."

ఆ చిరుగు మీద అదనంగా రాళ్లు కుట్టి కప్పేశాను. నెల రోజుల దాకా సాబ్‌ను క్షమించలేదు. ఆ రోజు వెళ్లేముందు, అప్పటికే చల్లారిపోయిన చాయ్ తాగుతూ ఆయన, "ఇంత చల్లగ ఇస్తరా ఎవరన్న?" అని నన్నే కోప్పడ్డారు మళ్లీ.

నోటీసుకు ఉన్నది ఉన్నట్టు జవాబు వెళ్లింది. నా పేరున పాన్ కార్డు, నా ఖాతాలోకి పైసలు, నా నంబరున్న ఫోను, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మా ఆయన ముఖం ముడుచుకున్నాడు. "మొగోని పేరు మీదుంటే ఏం బోయింది?" అని ఇంట్లో గొణుగుడు. నేనూ విసుగుపుట్టి సాబ్‌నే అడిగాను. "నాకు పన్నే పడదంటున్నరు. పడనప్పుడు ఈ లొల్లంత ఎందుకు సాబ్?"

"పన్ను పడకపోవుడు వేరు, బేటీ. నువ్వు లేకపోవుడు వేరు" అన్నారు. ఆయన తిట్లలో పడి ఆ మాటను అప్పుడు పట్టించుకోలేదు.

తర్వాత ఖర్చుల సంగతి వచ్చింది. ఆదాయంలోంచి ఏవేం తీసెయ్యొచ్చో చెబుతుంటే నాకు ఆశ పుట్టింది. దారాలు, పూసలు, పనమ్మాయి కూలి సరే. ఇంటి కరెంటు బిల్లు మొత్తం, గ్యాస్ బండ, మా ఆయన బండి పెట్రోలు, బొటిక్ వాళ్లింట్లో పెళ్లికి నేను కట్టుకెళ్లిన పట్టుచీర, అన్నీ ఏకరువు పెట్టాను. ఆయన కళ్లద్దాల పైనుంచి చూశారు. "గ్యాస్ మీద పనామెకు చాయ్ కాస్తవు, ఇంటోళ్లకు పప్పు వండుతవు. పప్పు నేను రాయ. కొట్టంల ఫ్యాన్ దుకాణానిది, పడకింట్ల ఫ్యాన్ నీది. చీర కట్టుకుని మురిసిపోయింది నువ్వు, సర్కారు కాదు." కొట్టానికి విడిగా మీటరు పెట్టించేదాకా ఊరుకోలేదు. పూసల బిల్లులు పొయ్యి పక్క అలమారలో పెడితే ఎండాకాలం వేడికి అక్షరాలన్నీ మాయమై తెల్ల కాగితాలు మిగిలాయి. వాటిని ఒక్కొక్కటీ ఎత్తి దీపానికేసి చూస్తూ, "ఇది ఏం బిల్లు బేటీ? ఖాళీ కాగితం కొన్నవా?" అని పదిమంది ముందు పరువు తీశారు. బిల్లు చేతికొచ్చిన రోజే ఫోన్‌లో ఫోటో తీసుకోవడం అలా అలవాటైంది.

ఇదంతా ఒక ఎత్తు, కిరాయి ఒక ఎత్తు.

"కొట్టానికి కిరాయి ఎంత ఇస్తున్నవ్?" అన్నారు ఒకసారి.

"మా ఇల్లే కదా సాబ్."

"మా ఇల్లంటే ఎవరి ఇల్లు?"

"అత్తమ్మది."

"అయితే అత్తమ్మకు ఇయ్యి. గది నీ ఖర్చు, గది ఆమె ఆదాయం."

లోపల బియ్యం ఏరుతున్న అత్తమ్మకు ఆ మాట వినపడింది. చేట పట్టుకునే బయటికొచ్చింది. "మా నాయిన బర్రెల తాన కిరాయి తీసుకోలే. నేను కోడలి తాన తీసుకుంటనా? బస్తీల నేను తలెత్తుకుని తిరగాల్నా, వద్దా?"

"అమ్మా, బర్రె సర్కారుకు లెక్క చెప్పదు. నీ కోడలు చెప్పాలె" అన్నారు సాబ్, ఏమాత్రం తొణక్కుండా.

మా ఆయన మధ్యేమార్గం వెతికాడు. "ఇచ్చినట్టు రాసుకుందాం సాబ్. ఇంట్ల వాళ్లమే, నిజంగ ఇచ్చుడెందుకు?" సాబ్‌కు నిజంగా కోపం వచ్చింది ఆ రోజే. "ఇయ్యని కిరాయి రాస్తే గది అబద్ధం. ఇచ్చిన కిరాయి రాస్తే గది ఖర్చు. అబద్ధం రాయనీకి వేరేటోళ్లను చూసుకో."

అత్తమ్మ నాతో వారం మాట్లాడలేదు. నేనేదో ఆమెను ఇంట్లో పరాయిదాన్ని చేసినట్టు అందరికీ చెప్పుకుంది. ఆ వారం సాబ్ కనిపిస్తే ఏమనేదాన్నో నాకే తెలియదు. చివరికి ఆమె పేరున ఒక ఖాతా తెరిపించి, నెల నెలా అందులో కిరాయి వేయడం మొదలుపెట్టాను. ఆమెకూ ఒక రిటర్ను తయారైంది. అందులోనూ పన్ను సున్నాయే. కొన్నాళ్లు ఆ ఖాతా వైపు కన్నెత్తి చూడలేదు ఆవిడ. తర్వాత ఒకరోజు ఎవరికీ చెప్పకుండా దంతాల డాక్టరు దగ్గరికి వెళ్లి పై వరస మొత్తం కట్టించుకుని వచ్చింది. ఇల్లంతా తన పేరున ఉన్నా, అడక్కుండా ఖర్చు పెట్టుకునే రూపాయి ఆమె చేతికి అప్పటిదాకా రాలేదని నాకు ఆ నవ్వు చూశాకే తెలిసింది. ఆ సంగతి సాబ్‌కు చెబితే, "డాక్టరు రసీదు ఇచ్చిండా?" అన్నారు. సంతోషించడం కూడా సరిగ్గా రాదు ఆయనకు.

తర్వాత కొట్టం పైకప్పు మార్చడానికి బ్యాంకుకు వెళ్తే, అక్కడివాళ్లు మా ఆయన వైపు చూడలేదు. నా రిటర్నులు చూశారు, నాకు అప్పిచ్చారు. సాబ్ చెప్పిన "లేకపోవుడు" ఏమిటో అప్పుడు అర్థమైంది. స్వీట్లు పట్టుకెళ్తే, "దీని బిల్లు రాయ, ముందే చెప్తున్న" అన్నారు.

సాబ్ పోయిన రోజు మా ఆయన ఖబరస్తాన్ దాకా వెళ్లాడు. నేను, అత్తమ్మ వాళ్లింట్లో ఆడవాళ్ల దగ్గర కూర్చున్నాం. నిలబడడానికి చోటు లేదు. అప్పడాల ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, "మస్తు తిట్టిండు నన్ను. మా అయ్య కూడ అన్ని తిట్లు తిట్టలే" అంటూ ఏడ్చింది. గాజుల ఆమె ఏడుస్తూనే, "ఇగ నా ఫైలింగ్ ఎట్ల?" అంది. ఎవరూ తప్పు పట్టలేదు. మా అందరి మనసులో ఉన్నది అదే. నాకు అప్పుడు వచ్చింది ఏడుపు, ఆగకుండా వచ్చింది.

ఇంటికొచ్చాక మా ఆయన మెల్లగా మొదలుపెట్టాడు. సంతోష్‌నగర్‌లో ఒక ఆన్‌లైన్ సెంటర్ ఉందట. ఇంటి లెక్కంతా ఒక్క పేరు మీద పెడితే వాళ్లు తొందరగా చేసేస్తారట. "సాబ్ ఉన్నన్ని రోజులు నడిచింది. ఇప్పుడు మూడు రిటర్నులు ఎవరు చూస్తరు? పైసలు మళ్ల నా ఖాతాకు రానీ. కిరాయి గిరాయి బంద్ చేద్దాం."

సరే అనబోయానేమో, నాకే తెలియదు. అలసిపోయి ఉన్నాను, గడువు దగ్గరికొచ్చింది. ఆ సరే అనే మాటతో ఇన్నేళ్ల నా పేరు తుడిచిపెట్టుకుపోతుందని తెలుసు, అయినా కాదనలేకపోయాను. ఇలాంటి సమయంలో ఒంటరిగా వదిలేసి పోయినందుకు సాబ్ మీద పీకల దాకా కోపం వచ్చింది.

అత్తమ్మ మంచం మీంచి లేచి కూర్చుంది. "ఏంరా, నా కిరాయిదారును ఖాళీ చేపిస్తవా? ఎవర్నడిగి? ఇల్లు నాది. కొట్టం ఆమె తీసుకున్నది. నడుమ నువ్వెవడివి?"

నేను లేచి బిల్లుల ఫోటోలు సర్దుకోవడం మొదలుపెట్టాను.

మర్నాడు ముగ్గురం సంతోష్‌నగర్ వెళ్లాం. సెంటర్ నడిపే అమ్మాయి చురుకైనది. చకచకా అడుగుతూ పోయింది. నేను ఆపి, గ్యాస్‌లో చాయ్ వాటా ఎంతో, పప్పు వాటా ఎందుకు వద్దో, మగ్గం పక్కనుండే పాత కుట్టు మిషన్ అరిగినందుకు తరుగుదల కింద ఈ ఏడు ఎంత తీసెయ్యాలో చెబుతుంటే ఆమెకు విసుగొచ్చింది. "మేడమ్, గింత వివరంగ ఎవరు అడుగుతరు?" అంది. "ఎవరూ అడగకపోయినా రాయమ్మా" అన్నాను. ఆ అమ్మాయి మొహం చూస్తే జాలేసింది. సాబ్ ముందు కూర్చున్నప్పుడు నా మొహం కూడా అలాగే ఉండేదేమో.

అన్నీ అయ్యాక ఆమె అలవాటుగా మా ఆయన వైపు చెయ్యి చాపింది. "ఓటీపీ వచ్చింటది, చెప్పన్నా."

మా ఆయన జేబులోకి చెయ్యి పోనిచ్చి, బయటికి తీశాడు. "నాకు రాదు. గామెకొస్తది" అని పక్కకు జరిగాడు.

నేను అంకెలు ఒక్కొక్కటే గట్టిగా చదివాను. అమ్మాయి మీట నొక్కి, "నెక్స్ట్ ఎవరు?" అంది. వెనక్కి తిరిగి చూశాను. అత్తమ్మ తన ఫోనును రెండు చేతుల్లో పట్టుకుని, తెర వెలుగు ఆరిపోతుంటే బొటనవేలితో మళ్లీ మళ్లీ తాకుతూ, తన పేరున రావాల్సిన ఆ అంకెల కోసం కళ్లార్పకుండా చూస్తూ నిలబడి ఉంది.