వరూధిని హస్తవాసి

బెంగళూరు కబ్బన్‌పేటలో పురిటి బిడ్డకు నీళ్ళు పోయాలంటే వరూధినినే పిలవాలి. ముప్పై మూడేళ్ళుగా ఇదే రివాజు. పీట మీద కూచుని, కాళ్ళు చాపుకుని, బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని ఆమె గోరువెచ్చటి నీళ్ళు ధారగా పోస్తుంటే, అంతవరకూ ఇల్లెగిరిపోయేలా ఏడ్చిన బిడ్డ కూడా అరకన్ను మూసి ఊరుకుంటుంది. "ఆమె హస్తవాసి అట్లాంటిదప్పా" అంటారు పేటలో. వినీ వినీ ఆమె కూడా ఆ మాట నమ్మేసింది. ముప్పై మూడేళ్ళు వింటే ఎవరు మాత్రం నమ్మరు?

అట్లాంటి మనిషి మొన్న శుక్రవారం మారతహళ్ళిలో ఉన్న శ్రుతికి ఫోన్ చేసి, "నేను రాలేనమ్మా. నా చేయి బాగలేదు, ఇంకెవరినన్నా చూసుకో" అంది.

శ్రుతి కబ్బన్‌పేట పిల్లే. పుట్టినప్పుడు ఆమెకు నీళ్ళు పోసింది వరూధినే. ఇప్పుడు శ్రుతికే కూతురు పుట్టింది. సోమవారం పురిటి స్నానం. "నాకు పోసింది మీరే, నా బిడ్డకీ మీరే పోయాల. నేనెవరినీ చూసుకోను" అని పిల్ల మొండికేసింది. వరూధిని ఫోన్ పెట్టేసింది.

చేతికేమైంది? చేతికేమీ కాలేదు. చిక్కంతా మనవరాలు హరిణి తెచ్చింది.

కాలేజీలో చదివే హరిణి అవ్వ దగ్గరే ఉంటుంది. పోయినేడు ఎవరో ఊరు మారుతూ వదిలించుకుంటే, గాజుతొట్టితో సహా రెండు ఆక్సొలాటిల్స్‌ని మోసుకొచ్చింది. నీళ్ళలోనే బతికే జీవాలు. నాలుగు కాళ్ళు, మెడకు రెండు పక్కలా ఈకల్లాంటి మొప్పలు, ఎప్పుడు చూసినా నవ్వుతున్నట్టుండే మొగం. "ఇదేం ఖర్మే, బల్లికి తమ్ముడా?" అని మొదట ముక్కు మీద వేలేసుకున్న అవ్వ, అవి గుడ్లు పెట్టి, వడ్లగింజంత పిల్లలు యాభై రెండు బయటపడేసరికి కరిగి నీరైపోయింది.

"పిల్లల సంగతి నాకిడిచిపెట్టు. నువ్వు చదువుకో పో."

"రోజూ నీళ్ళు మార్చాలవ్వా. కొళాయి నీళ్ళు నేరుగా పోయొద్దు. క్లోరిన్ పోయేలా రాత్రంతా నిలవ పెట్టాలి, లేకుంటే ఈ చుక్కల మందు వేయాలి."

పురిటి పిల్లలకు మందా! ఆ సీసాను వరూధిని అలమరలోకి నెట్టేసింది. పిల్లలకు నీళ్ళెట్లా పోయాలో ఆమెకు ఒకరు నేర్పాలా? పిల్లల్ని వేరే బేసిన్‌లో పెట్టి నిలవ నీళ్ళే పోసింది, వేళ తప్పకుండా పోసింది.

రెండో వారం ఒక తెల్లారి మూడు పిల్లలు తేలాయి. మర్నాడు ఐదు. చచ్చినా నవ్వు మొగాలే. శుభ్రం చాలలేదేమోనని నీళ్ళు నిలవ పెట్టే బిందెను ఉప్పూ చింతపండూ పెట్టి ఇంకా గట్టిగా తోమింది. ఆ మర్నాడు తొమ్మిది పోయాయి. హరిణి నీళ్ళ చల్లదనం చూసింది, మేత చూసింది, అన్నీ బాగానే ఉన్నాయి. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టయింది వ్యవహారం. హరిణి చూసుకునే గాజుతొట్టిలో తల్లీతండ్రీ మాత్రం హాయిగా బలుస్తున్నాయి.

అట్లా రోజూ పోతూ పోతూ శుక్రవారానికి యాభై రెండింటిలో తొమ్మిదే మిగిలాయి. ఎవరి చేతిలోవి బతుకుతున్నాయో, ఎవరి చేతిలోవి చస్తున్నాయో తెలుస్తూనే ఉందిగా! "ఈ పురుగంత పిల్లలే దక్కని చేతిలో మనిషి బిడ్డను పెడతానా?" అనుకుంది వరూధిని. ఆ ఫోన్ అందుకే చేసింది.

కానీ తొమ్మిదింటినీ వదిలేసే మనిషి కాదు. శనివారం బేసిన్‌లో నీళ్ళు చెంబుతో ముంచుకుని, మూత పెట్టి, పెంపుడు చేపలమ్మే ఫర్హానా అంగడికి వెళ్ళింది. ఫర్హానా ఆ నీళ్ళలో పరీక్ష చేసే రంగు కాగితాలు ముంచి చూసి, "నీళ్ళలో తప్పేమీ లేదమ్మా" అని చెంబు తిరిగిస్తూ ఆగిపోయింది. చెంబు తళతళా మెరుస్తోంది.

"ఇంట్లో కూడా నీళ్ళు రాగిలోనే పెడతారా?"

"మరి? రాత్రంతా రాగి బిందెలోనే ఉంటాయి. మా అమ్మ కాలంనించీ బిడ్డలకు అవే నీళ్ళు. రోజూ చింతపండుతో తోముతా. చూడు, మొగం కనిపిస్తాది."

ఫర్హానా చెంబును మెల్లగా బల్ల మీద పెట్టింది. "మనకేం కాదమ్మా. వీటికి రాగి విషం. మొప్పలతో, చర్మంతో నీళ్ళలోనే ఊపిరి తీస్తాయి కదా, పిల్లలు అసలు తట్టుకోవు. ఈ కాగితాల్లో రాగి తెలీదు. పులుపుతో తోమితే నీళ్ళలోకి ఇంకా దిగుతుంది."

వరూధిని అంగట్లోనే స్టూలు మీద కూలబడి ఏడ్చింది. హస్తవాసి పోలేదని సంతోషం రావాల్సింది, రాలేదు. కొంచెం బద్ధకంగా తోమి ఉంటే ఇంకొన్నయినా మిగిలేవి. ఎంత ప్రేమగా తోమితే అంత ఎక్కువ చచ్చాయి.

ఇంటికెళ్ళి సీసా వెతికి తీసి, ప్లాస్టిక్ బకెట్‌లో చుక్కలు లెక్కపెట్టి మరీ వేసింది. ఆదివారం తొమ్మిది. సోమవారం పొద్దున మూడుసార్లు లెక్కపెట్టినా తొమ్మిదే. చీర మార్చుకుని మారతహళ్ళి బస్సెక్కింది.

శ్రుతి ఆమెను చూసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. స్నానాల గదిలో పీట వేసి ఉంది. పక్కన ఈ రోజు కోసమే కొన్న కొత్త రాగి బిందె నిండా గోరువెచ్చటి నీళ్ళు. వరూధిని బిందెలోకి ఒకసారి తొంగి చూసింది. పీట మీద కూచుని, బిడ్డను కాళ్ళ మీదికి తీసుకుని, ముందు కుడి చెవి వెనక చూసింది. తర్వాత ఎడమ చెవి వెనక. మెడ మడతలు విప్పి చూసింది.

"ఏం చూస్తుండారవ్వా?" అంది శ్రుతి బెదిరిపోయి.

"మొప్పలు ఉండాయేమోనని."

"ఉండాయా?"

"లేవు" అంది వరూధిని. "అయినా ప్లాస్టిక్ బకెట్ తేమ్మా."

బకెట్ వచ్చింది. మొదటి చెంబు పోసింది. బిడ్డ ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది, రెండో చెంబుకు అరకన్ను మూసి ఊరుకుంది.