సుగుణమణి టీచరు విలాయతు ప్రయాణం

సుగుణమణి టీచరు విలాయతు వెళుతోందన్న సంగతి తెలియని క్రైస్తవ ఇల్లు ఆ 1954 ఆగస్టు నాటికి అబిడ్స్ చుట్టుపక్కల ఒక్కటీ మిగల్లేదు. వెళ్లేది రెండేళ్లకే. చిన్నపిల్లలకు చదువు చెప్పే కొత్త పద్ధతులు నేర్చుకు రమ్మని మిషను వాళ్లు బడి నుంచి ఒకరికి సెలవిచ్చి పంపుతున్నారు. ఆ ఒకరు ఈమె. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, పట్నం వచ్చాక నాంపల్లి దాటి నాలుగు రోజులు ఎక్కడా ఉండి ఎరగదు. అలాంటిది ఓడెక్కి వెళుతుందంటే జనానికి అదొక తిరునాళ్లయిపోయింది.

ప్రయాణమయ్యే మనిషి ఇంటింటికీ వెళ్లి చెప్పి రావాలి కదా. వెళ్లకపోతే ఒక మాట, వెళితే ఒక పూట. వెళ్లిన ప్రతి ఇంట్లో చాయ్, బిస్కెట్లు, కాసిని కబుర్లు, ఆపైన ప్రార్థన. చదివేది కూడా ప్రతిచోటా ఒకటే, ప్రయాణం పోయేవాళ్ల కోసం ఎప్పుడూ చదివే ఆ కీర్తనే. ఏడో ఇంటికి వచ్చేసరికి ఆమెకు చాయ్ వెగటు పుట్టింది. కీర్తన కూడా వెగటు పుట్టిందని మాత్రం ఒప్పుకోదు, భక్తురాలు మరి.

ప్రతివాళ్లకూ ఒక పని ఉంది ఆమెతో. హిమాయత్‌నగర్‌లో ఒకావిడ ఉన్ని దారం తెమ్మంది. ఖైరతాబాద్‌లో ఉండే సొంత తమ్ముడు ఆనంద్ పాల్ మన వంశానికే పేరు తెచ్చావని అరగంట సేపు ఉపన్యాసం ఇచ్చాడు. అతని భార్య మాబెల్, అక్కడి దొరసానులు బల్లమీద పరిచే లేసు గుడ్డ ఎలా అల్లుతారో కాగితం మీద రాసి పంపమంది. నీకు భయంగా ఉందా అని ఒక్కరూ అడగలేదు. అడిగితే ఉందనే చెప్పేది. చెప్పుకోవాలనే ఉండేది కూడా.

అందరూ తప్పకుండా అడిగింది మాత్రం ఒకటుంది. “జయమ్మ ఏమంటోంది?” అనేవారు గుమ్మం దాకా వచ్చి. సంతోషపడుతోందని చెప్పేది సుగుణమణి. పదకొండు ఇళ్లలో పదకొండుసార్లు ఆ అబద్ధం ఆడింది. జయమ్మ ఏమీ అనడం లేదు. వచ్చిన చిక్కంతా అదే.

జయమ్మ కూడా ఆ బడిలోనే కుట్టుపని, తెలుగు చెప్పే టీచరు. ఆమె ఇరవై మూడో ఏటే భర్త పోయాడు. సుగుణమణి కన్నా మూడేళ్లు పెద్ద, అంచేత అక్క. సుగుణమణి మెదక్ మిషను కాంపౌండులో పుట్టింది. తండ్రి అక్కడి దవాఖానలో కట్లు కట్టేవాడు. తల్లి చిన్నప్పుడే పోతే బోర్డింగే అమ్మయింది. టీచరు పరీక్ష ప్యాసై పట్నం వచ్చాక మొదట హాస్టల్లో ఉండి, ఆ ఉడకని పప్పు తినలేక, జయమ్మతో కలిసి నాంపల్లి స్టేషను వెనక సందులో దుర్గయ్య ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకుంది. దుర్గయ్యకు ఇంటి ముందే కట్టెల అడితి. పొద్దస్తమానం గొడ్డలి చప్పుడూ, రైలు కూతా. ఆ రెండింటి మధ్యే పదకొండేళ్లు గడిచిపోయాయి.

ఆ పదకొండేళ్లలో ఆ ఇద్దరూ ఒకరినొకరు అడక్కుండా చేసిన పని లేదు. బీరకాయ తేనా సొరకాయ తేనా అన్నది కూడా అడిగి తెచ్చుకునేవారు. పోలీసు చర్య జరిగిన రోజుల్లో తలుపులు బిగించుకుని అయిదు రోజులు ఇంట్లోనే ఉండిపోయారు. చివరి రోజు గిన్నెడు జావ మిగిలితే నువ్వు తాగంటే నువ్వు తాగని వంతులాడుకుని, ఆఖరికి చల్లారిపోయాక చెరిసగం తాగారు. ఇక మనిద్దరం కలిసే ఉంటామని ఆనాడు నోరు తెరిచి ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం కూడా వాళ్లకు కనిపించలేదు.

వాళ్లకొక అలవాటుంది. దీపం పెట్టే వేళకు చాప పరుచుకుని ఎదురెదురుగా కూర్చుని ప్రార్థన చేసుకునేవారు. ఒకనాడు ఒకరు పైకి చెబితే ఇంకొకరు కళ్లు మూసుకుని విని, చివర ఆమేన్ అనాలి. మర్నాడు వంతు మారుతుంది. పొద్దున కూరలో ఉప్పు దగ్గర మాటా మాటా వస్తే, సాయంత్రం “ప్రభువా, తొందరపడి మాట జారే నా నాలుకను క్షమించు” అని వినిపించేది. క్షమాపణ దేవుడికీ, వినడం ఎదుటనున్నావిడకీ. మొహం చూసుకుంటూ చెప్పుకోలేనిదంతా కళ్లు మూసుకుని చెప్పుకునేవారు. దానివల్ల చాలా తగువులు తీరిపోయాయి. ముఖాముఖి మాట్లాడుకోవడం మాత్రం ఇద్దరికీ అలవాటు కాలేదు.

ఆ అలవాటే సుగుణమణి కొంప ముంచింది. విలాయతు చదువుకు దరఖాస్తు పెట్టినప్పుడు జయమ్మకు చెప్పలేదు. రాకపోతే నవ్వులపాలవుతానని కొంత, వద్దంటుందేమోనని కొంత. తీరా మే నెలలో ఉత్తరం వచ్చాక చెప్పడానికి నోరు రాలేదు. మూడు రోజులు మింగలేక కక్కలేక తిరిగి, తన వంతు వచ్చిన సాయంత్రం, కళ్లు గట్టిగా మూసుకుని, సముద్రం అవతల నాకొక తలుపు తెరిచావు ప్రభువా, రెండేళ్లు నీ కాపుదల ఇవ్వు అనేసింది. ఆ తర్వాత జయమ్మ ఆమేన్ అని లేచి వెళ్లి అన్నం వడ్డించింది.

అంతే. ఆనాటి నుంచి ఆ సంగతి ఎత్తలేదు. మొహం ముడుచుకున్నదీ లేదు. చలిదేశమని రెండు స్వెట్టర్లు అల్లింది. ఊరగాయలు డబ్బాల్లో పెట్టి మూతలకు గుడ్డ కట్టింది. సుగుణమణి చీరల అంచులు మడిచి కుట్టింది. తన వంతు వచ్చిన ప్రతి సాయంత్రం దుర్గయ్య మోకాళ్ల నొప్పులకు ప్రార్థించింది, బడిలో జ్వరమొచ్చిన పిల్లలకు పేరుపేరునా ప్రార్థించింది, వానల్లేని జిల్లాలకు ప్రార్థించింది. సుగుణమణి ప్రయాణానికి మాత్రం ఒక్క ముక్క లేదు. ఊరంతా కలిసి పదకొండు ఇళ్లలో చదివిన కీర్తన ఒక ఎత్తు, ఈవిడ చెప్పని ఆ ఒక్క ముక్క ఒక ఎత్తు. రోజు విడిచి రోజు సుగుణమణి ఆ చాప మీద చెవులు రిక్కించుకుని కూర్చునేది. అక్క ఒక్కసారి క్షేమంగా వెళ్లి రమ్మంటే చాలు. తను వచ్చేదాకా ఆ ఇల్లు అలాగే ఉంచితే చాలు. అంతకుమించి ఆమెకేమీ అక్కర్లేదు.

బొంబాయి బండి గురువారం. దానికి ముందు శనివారం సాయంత్రం జయమ్మ వంతు వచ్చింది. ఎప్పుడూ ఆమె ప్రార్థన అచ్చు వేసిన పుస్తకంలా ఉండేది. ఆవేళ ఎందుకో ఇంటి మాటే వచ్చేసింది.

“ప్రభువా, సుగుణను ఓడల సల్లగ తీస్కపో. మంచిగ సదువుకొని రానియ్యి. నన్ను మెదక్ బోర్డింగుల పిల్లల్ని చూసుకొనేటందుకు పిలిచిన్రు, నేను ఔనన్న. సోమవారం పోతున్న. గా పని నాతోని అయ్యేటట్టు చూడు. ఆమేన్.”

సుగుణమణి చటుక్కున కళ్లు తెరిచింది. జయమ్మ కళ్లు ఇంకా మూసుకునే ఉంది. వచ్చిన దీవెన చెవిలో పడిందో లేదో గాని, సోమవారమన్న మాట గుండెల్లో దిగబడింది. ఆమేన్ అనలేదు. పదకొండేళ్లలో అనకపోవడం అదే మొదలు.

“అక్కా, ఏందిది? నన్నొక్క మాటన్న అడగపోతివి.”

“నువ్వు నన్ను అడిగినవా సుగుణా?” అంది జయమ్మ కళ్లు తెరిచి. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేదనిపించింది సుగుణమణికి. “అడిగితే పొమ్మనేదాన్నే. నేనే దరఖాస్తు రాసిచ్చేదాన్ని. నువ్వు దేవునికి చెప్పినవ్. నేను ముంగట కూసొని విన్న.”

తప్పయిందని చేతులు పట్టుకుంది సుగుణమణి. ఈ రెండేళ్లు ఇక్కడే ఉండమంది, బడి ఉంది, దుర్గయ్య మంచివాడు, నెలకు రెండు ఉత్తరాలు రాస్తానంది. రెండేళ్లంటే ఎంతలో గడుస్తాయంది. అన్నీ విని జయమ్మ తల అడ్డంగా ఊపింది.

“పోయేటోళ్లకు తొవ్వ పొంటి పది కనిపిస్తయి. ఉన్నోళ్లకు గీ నాలుగు గోడలే. నాతోని కాదు సుగుణా. జర సమజ్ చేస్కో.”

సమజ్ చేసుకోలేదు సుగుణమణి. నిజం చెప్పాలంటే ఆ రాత్రంతా ఆమెకు కోపమే. రెండేళ్లకే ఇల్లు విడిచిపెట్టేస్తారా, ఇంత పెళుసు మనిషా అక్క అనుకుంది. ఆదివారం గుళ్లో సంఘమంతా లేచి నిలబడి ఆమె కోసం ప్రార్థిస్తుంటే, దండ వేసుకుని నిలబడి, రెండు వరసల వెనక ఉన్న జయమ్మ వైపు చూడనైనా చూడలేదు.

సోమవారం పొద్దున గౌలిగూడ బస్టాండుకు సాగనంపడానికి మాత్రం వెళ్లింది. లోకమంతా తనను సాగనంపుతుంటే తను వేరొకరిని సాగనంపడం ఆమెకే విచిత్రంగా ఉంది. జయమ్మకొక ట్రంకు పెట్టె, ఒక పరుపు చుట్ట, కుట్టుమిషను. బస్సు కదిలే ముందు కిటికీలోంచి చెయ్యి చాపి సుగుణమణి తల నిమిరి, పైలంగ పోయిరా అంది. ఆ మాట కోసం సుగుణమణి మూడు నెలలు కాచుకుంది. తీరా వచ్చాక ఏడుపు తప్ప ఇంకేమీ రాలేదు.

ఇంటికి వచ్చి తలుపు తీస్తే కుట్టుమిషను ఉండే చోట నేల మీద నాలుగు గుర్తులున్నాయి. అన్నం ఒక్కరికి ఎంత పొయ్యాలో తెలియక ఇద్దరికీ వండింది. మధ్యాహ్నం రెండుసార్లు “అక్కా” అని పిలిచింది, ఊరికే, గంటెంత అయిందని అడగడానికి. అడితిలో గొడ్డలి చప్పుడు ఆగినప్పుడల్లా ఇల్లు మరీ పెద్దదిగా అనిపించింది. రైలు కూసింది. గురువారం తను ఎక్కబోయే బండి కూడా అలాగే కూస్తుందనుకుంది గాని, ఆ తలపు వల్ల ఏ ఉత్సాహమూ రాలేదు.

దీపం వేళకు చాప పరిచి కూర్చుంది. ప్రభువా అంది. ఆపైన మాట రాలేదు. పదకొండేళ్లుగా ఎదుట వినే మనిషి ఉంటేనే దేవుడితో మాట్లాడింది. వినేవాళ్లు లేక, ఒక్క దేవుడితోనే ఏం మాట్లాడాలో ఆమెకు తోచలేదు. అలా ఎంతసేపు కూర్చుందో, లేచి వీధి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సందులో మనుషులు తిరుగుతున్నంతసేపూ అక్కడే నిలబడి ఉంది.

మంగళవారం తెల్లవారగానే రెండు పెట్టెలూ రిక్షాలో పెట్టించి, తాళంచెవి పట్టుకుని అడితి దగ్గరికి వెళ్లింది. దుర్గయ్య కట్టెలు తూచే కాటా తుడుచుకుంటున్నాడు.

“బండి బేస్తారం గదా టీచరమ్మా. ఇంకా రెండు దినాలున్నయి,” అన్నాడు తాళంచెవి అందుకోకుండా.

బడి హాస్టలుకు పోయి అక్కడుంటానని చెప్పింది.

“జయమ్మ టీచరును గీడనే ఉండుమని అడగపోయిన్రా? మీరొచ్చేదాంక ఉండకపోవునా?”

“అడిగిన,” అంది సుగుణమణి. “రెండేండ్లు ఉండుమని అడిగిన. నేను ఒక్క దినం ఉండలేకపోయిన.”

తాళంచెవి కాటా పళ్లెంలో పెట్టి, వెళ్లి రిక్షా ఎక్కింది.