గ్రామసభలో చెప్పిన మాట

చింతపల్లి దగ్గర మిరియం మొక్కలు పెంచే ఒక కార్పొరేషన్ నర్సరీలో తొమ్మిదేళ్లు సూపర్‌వైజరుగా చేశాను. ప్రభుత్వమే పెట్టిన సంస్థ, పై అధికారులు ప్రభుత్వం పంపినవాళ్లే. నా భర్త అక్కడే జీపు డ్రైవరు. మేముండేది కూడా వాళ్ల క్వార్టర్సులోనే.

ఆ వేసవిలో నర్సరీ మోటార్లు నీళ్లన్నీ తోడి, మా పుట్టింటి ఊరివాళ్లు తాగే గెడ్డను, ఆ చిన్న వాగును ఎండబెట్టేశాయి. ఆదివారం గ్రామసభలో లేచి ఆ సంగతి చెప్పాను. ఎవరో ఫోనులో తీసిన వీడియో ఆఫీసుదాకా చేరింది. బుధవారం మేనేజరు పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టారు. నా సేవలు ఇక అవసరం లేదట. కారణం రాయలేదు.

"ఒక్క మాటైనా అడక్కుండా ఎలా తీసేస్తారు సార్? సభలో మాట్లాడే హక్కు నాకు లేదా?" అన్నాను.

"ఆ హక్కులన్నీ గవర్నమెంటు ఆఫీసుల్లోనమ్మా. మనది కార్పొరేషన్." గొంతు పెంచకుండానే అని, ఇంకో కాగితం ముందుకు జరిపారు. చూడనిది చూసినట్టు చెప్పానని, క్షమించమని రాసి ఉంది. "సంతకం పెడితే రేపే డ్యూటీకి రావచ్చు. మీ ఆయన ఉద్యోగం గురించి కూడా ఆలోచించుకో."

ఆ కాగితాలతో ఇంటికొచ్చి చెప్పగానే నా భర్త పట్టపగలే తలుపు గడియ వేశాడు. "సంతకం ఎట్టేయే. నన్నూ తీసేత్తే ఈ ఇల్లూ పోతాది. ఎక్కడికెల్తాం?" ఘాట్ రోడ్డులో బ్రేకు పడనప్పుడు కూడా ఆయన అంతగా భయపడటం నేను చూడలేదు.

పెన్ను పట్టుకున్నాను. 'చూడనిది చూసినట్టు' అన్న చోట ఆగిపోయాను. గెడ్డలో దింపిన బిందె రాళ్లకు గీసుకున్న చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది.

"సూసినాను కదా," అన్నాను.

ఆయన ఆ కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, తలుపు గడియ తీశాడు. తర్వాత, "బేగి తయారవు. పాడేరు ఎల్దాం," అన్నాడు.

పాడేరులో ఒక వకీలమ్మ మా కాగితాలు చదివింది. "ప్రభుత్వోద్యోగులకుండే ప్రత్యేక రక్షణ నీకు లేదమ్మా. కానీ ఈ సంస్థను పెట్టిందీ నడిపిస్తున్నదీ ప్రభుత్వమే. కార్పొరేషన్ అని పేరు పెట్టుకుంటే రాజ్యాంగం వర్తించకుండా పోదు."

వకాలత్‌నామా మీద నా సంతకం వంకరగా పడింది.

కేసు ఏడాది దాటి నడిచింది. నా భర్తను దూరపు డ్యూటీలకు వేశారు. సాయంత్రం ఆయన జీపు హారన్ వినపడేదాకా నాకు ముద్ద దిగేది కాదు. క్వార్టర్సులో పక్కింటివాళ్లు పలకరించడం మానేశారు. వాళ్లదీ భయమే.

చివరికి హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఇది ప్రభుత్వ సంస్థే కాబట్టి, సంజాయిషీ అడక్కుండా ఎవరినీ తీసేయకూడదంది. కావాలంటే నోటీసిచ్చి విచారణ జరుపుకోవచ్చంది.

నన్ను మళ్లీ తీసుకున్నారు. నెల తిరక్కుండానే నోటీసు వచ్చింది. ఈసారి గ్రామసభలో నేనన్న మాటే కారణమని రాశారు, జవాబుకు గడువిచ్చారు. చూసింది చూసినట్టు రాసిచ్చాను.

విచారణ ఇంకా తేలలేదు. రోజూ నర్సరీకి వెళ్తున్నాను. ఆఫీసు నుంచి ఫోనొస్తే మాత్రం, ఇప్పటికీ గోడ పట్టుకుని నిలబడ్డాకే ఎత్తుతాను.